జన్మభూమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ రావట్లేదా? పెద్దవాళ్ళని ఏ స్టేషన్లో దింపుకోవాలి?

మెహిదీపట్నం_మాధవి
మా అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం. పగటి బండి అయితే నిద్ర చెడదని ఎప్పట్లాగే జన్మభూమికి టికెట్ తీసుకున్నారు. తీరా చూస్తే దిగేది చర్లపల్లి అని ఉంది. ఈ బండి సికింద్రాబాద్ రావడం మానేసిందా? మా ఇంట్లో చర్లపల్లి మొహం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అక్కడ లిఫ్టు, వీల్‌చైర్ లాంటివి ఉన్నాయా? అక్కణ్ణుంచి మెహిదీపట్నం ఎలా రావాలి? లేకపోతే టికెట్ క్యాన్సిల్ చేసి వేరే బండికి తియ్యమంటారా? సామాను గురించి వేరే చెప్పక్కర్లేదు, రెండు ఆవకాయ జాడీలైతే ఖాయం.

రైలుపిచ్చోడు
మానేసింది. 2025 ఏప్రిల్ నుంచి జన్మభూమిని చర్లపల్లి, అమ్ముగూడ, సనత్‌నగర్ దారిలో లింగంపల్లికి పంపిస్తున్నారు. ఆ దారిలో సికింద్రాబాద్, బేగంపేట రెండూ తగలవు. సికింద్రాబాద్‌లో కొత్త స్టేషన్ కడుతున్నారు కదా, ప్లాట్‌ఫారాలు విడతలవారీగా మూసి పని చేసుకుంటున్నారు. ఉన్న పదిలో నాలుగైదు మూస్తే బండ్లు ఎక్కడో ఒకచోటికి పోవాల్సిందే. కొన్ని చర్లపల్లికి, కొన్ని నాంపల్లికి, కొన్ని కాచిగూడ, మల్కాజిగిరికి పంచేశారు.

గోదారోడు
జాడీలు రెండే అంటున్నారు, నాకు నమ్మకం లేదు. వేసవి చివర్లో మా అమ్మ వస్తుంటే బోగీ ఒక పక్కకి ఒరుగుతుంది.

ఈసీఐఎల్_శ్రీను
చర్లపల్లి అంటే అడవిలో దింపేస్తున్నట్టు మాట్లాడకండి. 2025 జనవరి 6న ప్రారంభమైన టెర్మినల్ అది. నాలుగు వందల కోట్ల పైనే ఖర్చు పెట్టారు. తొమ్మిది ప్లాట్‌ఫారాలు, లిఫ్టులు, ఎస్కలేటర్లు, పెద్ద వెయిటింగ్ హాళ్ళు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి పాత సికింద్రాబాద్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మేలా, ఇది మేలా మీరే చెప్పండి.

కూకట్‌పల్లి_కిరణ్
లోపల బాగుంది శ్రీనన్నా, ఎవరు కాదన్నారు? అసలు కథ గేటు దాటాకే. ఒకసారి రాత్రిపూట దిగాను. ఓ క్యాబ్ యాప్‌లో బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి "ఎక్కడికి సార్" అన్నాడు, కూకట్‌పల్లి అనగానే క్యాన్సిల్. ఇంకొకాయనా అంతే. చివరికి ఆటో అతను చెప్పిన రేటు ముందు నా రైలు టికెట్ చిన్నబోయింది.

ఈసీఐఎల్_శ్రీను
మీకు దూరమైతే మాకు దగ్గర కిరణ్. ఇన్నేళ్ళు మేము తార్నాక, మెట్టుగూడ ట్రాఫిక్ ఈదుకుంటూ సికింద్రాబాద్ వచ్చి బండెక్కాం. అప్పుడు మా ఆటో ఖర్చు ఎవరూ అడగలేదు. ఇప్పుడు మీ వంతు వచ్చింది.

కూకట్‌పల్లి_కిరణ్
వంతులు పంచుకోవడానికి ఇది కొళాయి నీళ్ళా అన్నా :)

అల్వాల్_అనిత
మాధవి గారూ, మెహిదీపట్నం అంటే చర్లపల్లి నుంచి పాతిక కిలోమీటర్ల పైమాటే. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. జన్మభూమి దిగేసరికి సాయంత్రం ట్రాఫిక్ కూడా తోడవుతుంది. రైల్లో అన్ని గంటలు కూర్చున్న పెద్దవాళ్ళని మళ్ళీ కారులో అంతసేపు కూర్చోబెట్టడం కష్టం. నేనైతే చర్లపల్లి వద్దనే అంటాను.

రిటైర్డ్_టీటీఈ
అమ్మా, టికెట్ చర్లపల్లి వరకే ఉన్నా అదే బండిలో లింగంపల్లి దాకా రావచ్చు. చర్లపల్లి రాకముందే టీటీఈకి చెప్పాలి. తేడా డబ్బు కట్టించుకుని రసీదు రాసిస్తారు. చెప్పకుండా కూర్చుంటే మాత్రం జరిమానా పడుతుంది. లింగంపల్లి నుంచి గచ్చిబౌలి, టోలిచౌకి మీదుగా మెహిదీపట్నం రావడం చర్లపల్లి నుంచి ఊరంతా దాటి రావడం కంటే నయం.

మెహిదీపట్నం_మాధవి
ఇలా పొడిగించుకోవచ్చని తెలియదండీ, చాలా థాంక్స్. అదే సీటు ఉంటుందా మరి?

రిటైర్డ్_టీటీఈ
సీటు ఖాళీగా ఉంటేనే. చర్లపల్లిలో సగం బండి దిగిపోతుంది కాబట్టి ఇబ్బంది ఉండదనుకోవచ్చు. హామీ మాత్రం ఇవ్వలేను.

బోయిగూడ_బాబ్జీ
అందరూ లింగంపల్లి, చర్లపల్లి అంటున్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి తియ్యండమ్మా. రాత్రి రాజమండ్రిలో ఎక్కితే పొద్దున్నే నాంపల్లి. నాంపల్లి నుంచి మెహిదీపట్నం ఎంత, లక్డీకాపూల్, మాసబ్‌ట్యాంక్ దాటితే ఇల్లే. పొద్దున ఆరేడు గంటలకి రోడ్లు ఖాళీ. ఇంకో సంగతి కూడా ఉంది. నాంపల్లిలో పట్టాలు అక్కడితో ఆఖరు. ఏ ప్లాట్‌ఫారం మీద దిగినా చివరి దాకా నడిచి చుట్టి వస్తే గేటు, మెట్లెక్కే పని లేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి మొత్తం హైదరాబాద్‌లో దానిమించిన స్టేషన్ లేదు.

గోదారోడు
గోదావరి పేరెత్తారు కాబట్టి లేచి నిలబడుతున్నాను. 1974 ఫిబ్రవరి 1న మొదలైన బండి. యాభై ఏళ్ళ పండగ కూడా చేశారు. మా వైపు పెళ్ళిళ్ళు సగం ఆ టైముని బట్టే పెట్టుకుంటారు.

రైలుపిచ్చోడు
బాబ్జీ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. ఒకటి కలుపుతాను. అరవై దాటిన మగవాళ్ళకి, నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంది. టికెట్‌లో ఇద్దరి పేర్లే ఉండాలి. మనం కుటుంబం మొత్తాన్ని ఒకే టికెట్‌లో ఇరికించి, ఆ కోటా పోగొట్టుకుని, తర్వాత రైల్లో పక్కవాళ్ళని బతిమాలుతుంటాం.

సన్నజాజి
చివరి వాక్యం మా ఆయన కోసమే రాసినట్టుంది.

మెహిదీపట్నం_మాధవి
నాన్నకి రాత్రి ప్రయాణం అంటేనే పడదు బాబ్జీ గారూ. బాత్రూంకి లేవాలి, బండి ఊగుతుంటుంది, అమ్మకి టెన్షన్. అందుకే జన్మభూమి పట్టుకుని వేలాడుతున్నాం. అయినా మీరు చెప్పిన మెట్ల సంగతి నాన్నకి చెప్పి చూస్తాను.

పాతబస్తీ_పాషా
నాకు ఒకటి అర్థం కాదు. ఊరి పేరు హైదరాబాద్. హైదరాబాద్ అని రాసిన స్టేషనేమో నాంపల్లి. పెద్ద స్టేషనేమో సికింద్రాబాద్. కాచిగూడ ఇంకోటి. ఇన్ని ఎందుకు కట్టిన్రు? అన్నీ ఒక్కచోట పెడితే ఈ గొడవే లేదు గదా.

రైలుపిచ్చోడు
పాషా భాయ్, దాని వెనక పెద్ద కథే ఉంది. 1874లో వాడి జంక్షన్ నుంచి లైను వచ్చి చేరింది సికింద్రాబాద్‌కి. అక్కడ ఇంగ్లీషు వాళ్ళ కంటోన్మెంటు ఉంది, పటాలం ఉంది. డబ్బు మాత్రం నిజాం రాజ్యానిది. తర్వాత కంపెనీకి అప్పజెప్పినప్పుడు కూడా వాటాదారులకి రాబడి తగ్గితే ఆ లోటు నిజాం ఖజానా పూడ్చాలని ఒప్పందం. అందుకే దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1889కల్లా లైను బెజవాడ దాకా పోయింది. దాంతో సముద్రం వైపు బండ్లన్నిటికీ సికింద్రాబాదే గుమ్మం అయ్యింది. నాంపల్లి స్టేషన్ 1907లో కట్టింది. కాచిగూడ 1916లో, అది మీటర్ గేజ్ వాళ్ళది. మన్మాడ్ వైపు పోయే చిన్న పట్టాలు, పెద్ద పట్టాలు వేరు కాబట్టి స్టేషన్లు కూడా వేరు. ఒక్కొక్కటి ఒక్కో అవసరానికి పుట్టింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లోనే పెట్టేసరికి ఇక తిరుగులేకుండా పోయింది.

పాతబస్తీ_పాషా
అంటే పైసలు మావి, స్టేషన్ వాళ్ళది.

రైలుపిచ్చోడు
ఒక్క ముక్కలో తేల్చేశారు భాయ్.

రిటైర్డ్_టీటీఈ
కాచిగూడలో మీటర్ గేజ్ అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మన్మాడ్ చేరేసరికి ఒంటి మీద బొగ్గు, నోట్లో దుమ్ము. అయినా ఆ బండి బాగుండేది.

సన్నజాజి
మా నాన్నగారు షిర్డీకి దాన్లోనే తీసుకెళ్ళారు. కిటికీలోంచి తల బయట పెట్టద్దని దారి పొడుగునా అరుస్తూనే ఉన్నారు.

తార్నాక_తరుణ్
చరిత్ర బాగుంది గానీ, సికింద్రాబాద్ పాత బిల్డింగ్ కూల్చేస్తుంటే ఎవరికీ నొప్పి కలగలేదా? 2025 మొదట్లో నేను బస్సులోంచి చూశాను. ముందర కమానులుండే భాగం మీద పొక్లెయిన్ పనిచేస్తోంది. ఊళ్ళో తిరిగిన ప్రతివాడికీ అదే గుర్తు. ఆ ముందు భాగం వరకైనా ఉంచి వెనక ఎంత పెద్దదైనా కట్టుకోవచ్చు కదా.

అల్వాల్_అనిత
కమానులుంటే మాధవి వాళ్ళ నాన్నగారి మోకాళ్ళు తగ్గుతాయా తరుణ్?

తార్నాక_తరుణ్
తగ్గవు. కమానులు తీసేస్తే కూడా తగ్గవు. లిఫ్ట్ పెడితే తగ్గుతాయి. లిఫ్ట్ పెట్టడానికి కమానులు కూల్చాలా అనే నా ప్రశ్న.

బోయిగూడ_బాబ్జీ
ఇద్దరూ ఆగండి. నేను రోజూ ఆ స్టేషన్ పక్కనే బతుకుతాను. కమానులు చూడ్డానికి బాగానే ఉండేవి. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మాత్రం ఆ కమానుల కింద మనిషి కాలు పెట్టే జాగా ఉండేది కాదు. ఒకటో నంబరు నుంచి పదో నంబరుకి పోవాలంటే బ్రిడ్జి మీద సూట్‌కేసులు, మూటలు, పిల్లలు, ఎదురొచ్చే జనం. ఒక ముసలాయన మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే వెనకవాళ్ళు నెట్టుకుంటూ పోవడం నేను కళ్ళారా చూశాను. అంతమందికి ఆ బిల్డింగ్ చాలదు. కొత్తది కట్టాల్సిందే.

తార్నాక_తరుణ్
కట్టొద్దని నేను అనలేదు బాబ్జీ గారూ. ఎలా కట్టాలన్నదే మాట. సరే, ఇక్కడ వదిలేస్తున్నా.

ఇరానీచాయ్_ఇర్ఫాన్
అసలు కొత్తదాంట్లో ఏమేం వస్తాయి? ఎవరైనా వివరంగా చెప్పండి.

రైలుపిచ్చోడు
సుమారు 700 కోట్ల పని. 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేశారు, తిరుపతి వందేభారత్‌ని జెండా ఊపి పంపింది కూడా అదే రోజు. ఉత్తరం వైపు, దక్షిణం వైపు రెండు భవనాలు. రెంటినీ కలుపుతూ పట్టాల మీదుగా రెండంతస్తుల కాంకోర్సు. బండి వచ్చేదాకా జనం పైన కూర్చుని, ఏ ప్లాట్‌ఫారమో తెలిశాక లిఫ్టులోనో ఎస్కలేటర్‌లోనో దిగుతారు. నడిచే పని తగ్గడానికి ట్రావలేటర్లు, అంటే కదిలే నడకదారులు. అంతస్తుల పార్కింగ్. ఈస్ట్, వెస్ట్ మెట్రో స్టేషన్లకీ రేతిఫైల్ బస్‌స్టేషన్‌కీ నడకదారి కలపాలని ప్లాను.

ఇరానీచాయ్_ఇర్ఫాన్
ఇవన్నీ వచ్చేసరికి మాధవి గారి పిల్లలకి మోకాళ్ళ నొప్పులు వస్తాయి.

కూకట్‌పల్లి_కిరణ్
ఆ మెట్రో నడకదారి ఒక్కటి పడితే చాలు, ట్రావలేటర్ లేకపోయినా పర్లేదు. కొత్తవాళ్ళకి తెలియదు గానీ సికింద్రాబాద్ ఈస్ట్, సికింద్రాబాద్ వెస్ట్ అని రెండు మెట్రో స్టేషన్లు ఉన్నాయి, రెండూ వేర్వేరు లైన్లు. ఈస్ట్ రేతిఫైల్ పక్కన, నాగోల్–రాయదుర్గం లైను. వెస్ట్ పాత గాంధీ ఆసుపత్రి దగ్గర, జేబీఎస్–ఎంజీబీఎస్ లైను. ఒకదాంట్లో దిగి రెండోదాని కోసం వెతుకుతూ రోడ్డు మీద తిరిగేవాళ్ళని చాలామందిని చూశాను. ఆ రెండు లైన్లు కలిసేది పరేడ్ గ్రౌండ్ దగ్గర, ఇక్కడ కాదు.

అల్వాల్_అనిత
మా చెల్లి అలాగే వెస్ట్‌లో దిగి అమీర్‌పేట మెట్రో ఎక్కడ అని సెక్యూరిటీని అడిగింది. ఆయన "పరేడ్ గ్రౌండ్ పోయి మారాలమ్మా" అంటే ఆటకి అంటున్నాడనుకుంది.

ఎల్బీనగర్_లక్ష్మి
పనులు జరుగుతున్నన్నాళ్ళు సికింద్రాబాద్ వెళ్ళేవాళ్ళకి నా మాట. చక్రాల సూట్‌కేసు మీద ఆశ పెట్టుకోకండి. రేకులు అడ్డం కట్టి దారి మళ్ళించిన చోట నేల సాఫీగా ఉండదు. మా సూట్‌కేసు చక్రం కంకరలో దిగబడింది. లాగితే చక్రం అక్కడే ఉండిపోయి పెట్టె మాత్రం నా చేతికి వచ్చింది. వెనక వస్తున్న పిల్లాడు ఆ చక్రం తీసి "ఆంటీ మీ టైరు" అని ఇచ్చాడు.

గోదారోడు
పంక్చర్ వేయించారా?

ఎల్బీనగర్_లక్ష్మి
కూలీని పిలిచాను :)

రిటైర్డ్_టీటీఈ
కూలీ మాట వచ్చింది కాబట్టి. ఎర్ర చొక్కా, చేతికి నంబరు బిళ్ళ ఉన్నవాళ్ళనే పిలవండి. రేట్ల బోర్డు స్టేషన్లో పెట్టి ఉంటుంది. ముందే మాట్లాడుకుంటే గొడవ ఉండదు. వీల్‌చైర్ కావాలంటే స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న స్టేషన్ సూపరింటెండెంట్ గదిలో అడగాలి. తోసేవాళ్ళకి డబ్బు వేరేగా ఇవ్వాలి. బండిలోంచే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి బోగీ, సీటు నంబరు చెబితే దిగే చోట సాయం అడగవచ్చు. చివరి నిమిషంలో కాదు, గంటా రెండు గంటల ముందే చెయ్యండి.

మెహిదీపట్నం_మాధవి
ఇది చాలా పనికొచ్చే మాట. నాకు స్టేషన్ లోపలికి రావడానికి ప్లాట్‌ఫారం టికెట్ ఆన్‌లైన్‌లో వస్తుందా? క్యూ ఎంత ఉంటుందో అని.

తార్నాక_తరుణ్
వస్తుంది. పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. రైల్వే వాళ్ళ రైల్‌వన్ యాప్‌లో తీసుకోండి. ఒక్కటే కిటుకు, స్టేషన్ దగ్గరికి పూర్తిగా వచ్చేశాక కాదు, ఆటోలో ఉన్నప్పుడే తీసుకోవాలి. లోపలికి వచ్చాక తీస్తే మీరు స్టేషన్‌లోనే ఉన్నారంటూ ఇవ్వదు. అప్పుడు గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యాలి.

సన్నజాజి
టికెట్ లేకుండా లోపలికి రాకూడదంటారు, లోపలికి వచ్చినవాడికి టికెట్ ఇవ్వమంటారు. న్యాయమే.

అల్వాల్_అనిత
బండి ఆలస్యం అయితే రెండు గంటల టికెట్ అయిపోయి మళ్ళీ ఇంకోటి తీసుకోవాల్సి వస్తుంది. జన్మభూమి విశాఖ నుంచి వచ్చేది, కాబట్టి ముందు రైల్వే వాళ్ళ ఎన్‌టీఈఎస్ యాప్‌లో ఎక్కడుందో చూసుకుని ఇంట్లోంచి బయల్దేరండి మాధవి గారూ.

నల్లకుంట_నాని
తిరుగు ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేదు. దిగడం కంటే ఎక్కడం కష్టం. ఊరు చెప్పను, ఒక పెద్ద స్టేషన్లో మా అత్తగారిని బండి ఎక్కించడానికి వెళ్ళాను. కోచ్ బోర్డు మీద ఎస్-4 అని ఉన్న చోట నిలబెట్టాను. బండి వచ్చేముందు బోర్డు మారింది, కోచ్‌ల వరస తలకిందులు. ఎస్-4 ఎక్కడో ఇంజన్ పక్కన. రెండు నిమిషాల హాల్టు. ప్లాట్‌ఫారం పొడుగునా జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పరుగు. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. అత్తగారు చీర కుచ్చిళ్ళు పైకి దోపి నాకంటే ముందు పరిగెత్తారు. నేను సంచి పట్టుకుని వెనక.

గోదారోడు
అత్తగారి కాలు ఆ స్పీడులో ఉంటే వీల్‌చైర్ మీకు కావాలి నాని గారూ.

రిటైర్డ్_టీటీఈ
అలాంటప్పుడు ఏ బోగీ ముందుంటే అది ఎక్కేయాలి, లోపల్నుంచి నడిచి పోవచ్చు. పెద్దవాళ్ళని ప్లాట్‌ఫారం మీద పరిగెత్తించకండి. బండి కదులుతుంటే అస్సలు ఎక్కించకండి. నా ఉద్యోగంలో నేను చూడకూడని దృశ్యాలు అలాగే చూశాను.

బోయిగూడ_బాబ్జీ
మొదలయ్యే స్టేషన్ నుంచి ఎక్కితే ఈ పరుగులు ఉండవు. గోదావరికి తిరుగు టికెట్ నాంపల్లి నుంచే తియ్యండి. బండి ముందుగానే పెట్టేస్తారు, తీరిగ్గా ఎక్కి పడుకోవచ్చు. చాలామంది అలవాటు కొద్దీ సికింద్రాబాద్ అని కొట్టేస్తారు. మెహిదీపట్నం వాళ్ళు నాంపల్లి వదిలేసి సికింద్రాబాద్ వచ్చి ఎక్కడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇరానీచాయ్_ఇర్ఫాన్
నేను చెప్తా ఎందుకో. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్ ఉంది. చాయ్, ఉస్మానియా బిస్కట్. అది లేకపోతే ప్రయాణం మొదలైనట్టు ఉండదు.

పాతబస్తీ_పాషా
నాంపల్లి దగ్గర చాయ్ దొరకదా ఏంది? ఇది అన్యాయం ఇర్ఫాన్ భాయ్.

అడ్మిన్
చాయ్ మీద గొడవకి వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ స్టేషన్లు.

ఈసీఐఎల్_శ్రీను
చర్లపల్లిలో రోడ్డు సమస్య ఉందని నేనూ ఒప్పుకుంటాను, అది మొదట్నుంచీ అంటున్నదే. స్టేషన్ కట్టకముందు రోడ్డు వెయ్యాలి. ఈసీఐఎల్ వైపు నుంచి ఇరుకు రోడ్డు, ఒకేసారి రెండు బండ్లు వస్తే ఆటోలన్నీ ఒకే మూతిలోంచి బయటికి రావాలి. సిటీ బస్సులు వేశారు, పగటిపూట నడుస్తాయి. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు కూడా ఉన్నాయి గానీ వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. లింగంపల్లి దాకా గంటకో ఎంఎంటీఎస్ వేస్తే కిరణ్ కూడా చర్లపల్లిని మెచ్చుకుంటాడు.

కూకట్‌పల్లి_కిరణ్
గంటకొకటి వేస్తే దండ వేసి మరీ మెచ్చుకుంటా. ఎంఎంటీఎస్ 2003లో మొదలైంది, నేనప్పుడు స్కూల్లో ఉన్నా. అప్పట్నుంచీ "రెండో దశ, రెండో దశ" అని వింటూనే పెరిగాను. మౌలాలి–సనత్‌నగర్ లైను వేశారు, దాని మీద జన్మభూమి తిరుగుతోంది. మనం తిరగడానికే బండ్లు లేవు.

తార్నాక_తరుణ్
ఈ మాటతో నేనూ ఏకీభవిస్తాను. స్టేషన్ లోపల ఖర్చు పెడతారు, స్టేషన్‌కి పోయే దారి మీద పెట్టరు. లోపలంతా రైల్వేది, గేటు బయట కార్పొరేషన్, బస్సు ఆర్టీసీ, మెట్రో ఇంకొకరిది. ప్రయాణికుడు మాత్రం ఒక్కడే.

సన్నజాజి
మధ్యలో అడుగుతున్నా, సికింద్రాబాద్‌లో రాత్రి దిగి పొద్దున ఇంకో బండి ఎక్కాలంటే ఎక్కడ ఉండాలి? హోటల్ తీసుకోవాలా?

రైలుపిచ్చోడు
రిటైరింగ్ రూములు, డార్మిటరీ పడకలు ఐఆర్‌సీటీసీలో పీఎన్ఆర్ నంబరు కొట్టి బుక్ చేసుకోవచ్చు. కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ టికెట్ ఉండాలి, వెయిటింగ్ లిస్ట్‌కి ఇవ్వరు. సామాను క్లోక్‌రూంలో పెట్టాలంటే ప్రతి పెట్టెకీ తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు. ఇప్పుడు పనులు నడుస్తున్నాయి కాబట్టి గదులు, క్లోక్‌రూం ఏ వైపు ఉన్నాయో దిగగానే విచారణ కౌంటర్లో అడగండి. పాత గుర్తు పట్టుకుని పోతే రేకుల గోడకి గుద్దుకుంటారు.

ఎల్బీనగర్_లక్ష్మి
గోనెసంచికి తాళం ఎలా వేస్తారు? మా అమ్మ అడగమంది.

రైలుపిచ్చోడు
మీ అమ్మగారికి నమస్కారం చెప్పండి. సంచి మూతి కట్టి, కట్టుకే తాళం వేసిన వాళ్ళని చూశాను, తీసుకున్నారు. ప్రతిసారీ తీసుకుంటారని మాత్రం చెప్పలేను.

నల్లకుంట_నాని
నీళ్ళ బాటిల్ గురించి కూడా రాయండి ఎవరైనా. రైల్ నీర్ లీటరు పద్నాలుగు రూపాయలే, 2025 సెప్టెంబర్ నుంచి పదిహేను కాదు. ఇరవై ఇస్తే ఆరు వెనక్కి రావాలి. ఐదిచ్చి "చిల్లర లేదు సార్" అంటారు.

పాతబస్తీ_పాషా
ఒక్క రూపాయి కోసం బండి మిస్ చేసుకోకు నానీ.

నల్లకుంట_నాని
రూపాయి కాదు భాయ్, సిద్ధాంతం.

మెహిదీపట్నం_మాధవి
అందరికీ థాంక్స్. నాన్నతో మాట్లాడాను. నాంపల్లిలో మెట్లుండవని చెప్పగానే "అయితే రాత్రి బండే తియ్యి, ఒక్క రాత్రి నిద్ర లేకపోతే పోయేదేముంది" అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. చివరికి రావడం జన్మభూమి, లింగంపల్లి దాకా పొడిగించుకుని. తిరుగు ప్రయాణం నాంపల్లిలో గోదావరికి, ఇద్దరికే వేరే టికెట్, లోయర్ బెర్తులు వచ్చాయి. 139కి బండి నల్గొండ దాటక ముందే ఫోన్ చేస్తాను.

రిటైర్డ్_టీటీఈ
మంచి నిర్ణయం అమ్మా. చర్లపల్లికి ముందే టీటీఈకి చెప్పడం మర్చిపోవద్దని మీ నాన్నగారికి రాసి ఇవ్వండి. ఫోన్లో చెబితే మర్చిపోతారు.

ఈసీఐఎల్_శ్రీను
చర్లపల్లిలో దిగకుండా పోతున్నారన్నమాట. కిటికీలోంచి అయినా చూడమనండి, బాగుంటుంది.

గుంటూరు_గోపి
ఇప్పుడే ఈ చర్చ చూశాను. వచ్చేవారం సికింద్రాబాద్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, మేము ఉండేది ముషీరాబాద్. ఏ వైపు నుంచి లోపలికి రావాలి?

బోయిగూడ_బాబ్జీ
ముషీరాబాద్ అయితే బోయిగూడ వైపు రండి తమ్ముడూ, పదో నంబరు గేటు. ముందు వైపుకి చుట్టి వచ్చి ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కోవద్దు. అరగంట ముందే ఉండండి. ప్లాట్‌ఫారం నంబరు పోయినసారిది నమ్మకుండా ఆ రోజు బోర్డు చూసుకోండి.

గుంటూరు_గోపి
సరే అన్నా. అటు వైపు బండి పెట్టుకోవడానికి జాగా ఉంటుందా?

బోయిగూడ_బాబ్జీ
పండగ రోజు కాకపోతే దొరుకుతుంది. బోనాలప్పుడు మాత్రం ఆటోలోనే రండి.